మచ్చు విమానం

బుధవారం తెల్లవారేటప్పటికి, అద్దంకి బజారులో పురుగుమందుల కొట్టు నడిపే అంకమ్మరావు చేతిలో ఉన్నవి ఇవి: తొంభై పాళ్లు పూర్తయిన యుద్ధ విమానం ఒకటి, సీసా అడుగున మిగిలిన వెండిరంగు, నీళ్లలో నానబెట్టి అంటించాల్సిన మూడురంగుల చక్రాల గుర్తులు ఆరు, ఆదివారం దాకా నాలుగు రోజుల గడువు. ఇచ్చిన మాట కూడా ఒకటుంది. వ్యాపారంలో ఇచ్చే మాటల్ని అతను ఎన్నడూ సరుకు కింద లెక్కవేయలేదు గానీ, ఇది వ్యాపారం కాదు.

విమానం నిజంది కాదు. మూరెడు పొడవున్న ప్లాస్టిక్ నమూనా. మిగ్ రకం, అసలు విమానంలో ముప్పైరెండో వంతు. అది అతని స్నేహితుడు ఇమ్మానియేలుది. ఇద్దరూ మిషను స్కూల్లో ఒకే బల్ల మీద చదువుకున్నారు. తర్వాత ఒకడు మందుల కొట్టు పెట్టాడు. ఇంకొకడు ఎయిర్‌ఫోర్సులో విమానాలు బాగుచేసే ఫిట్టరుగా చేరి, ఇరవై ఏళ్లు చేసి, అందులో పన్నెండేళ్లు ఈ మిగ్‌ల మీదే పనిచేసి ఊరికి తిరిగొచ్చాడు. వచ్చే రోజున ఒక ఆఫీసరు తాను విదేశం నుంచి తెచ్చుకున్న ఈ నమూనా పెట్టెను అతని చేతిలో పెట్టాడు. తొమ్మిదేళ్లు ఆ పెట్టె బీరువా మీదే ఉండిపోయింది. మొదట్లో ఇమ్మానియేలుకి తీరిక లేదు. తీరిక దొరికేసరికి కళ్లకి పొర వచ్చింది. పెట్టె విప్పి చూస్తే ప్లాస్టిక్ చట్రాలకి చింతకాయల్లా వేలాడుతున్న నూట ముప్పై ముక్కలూ అతనికి ఒకే ముద్దలా కనపడ్డాయి.

"ఇటియ్యరా," అన్నాడు అంకమ్మరావు ఆ రోజు. "బస్తా విత్తనాల్లో తాలుగింజ ఎక్కడుందో చెప్పే కళ్లు నాయి. నీకు ఆపరేషనయ్యి కట్టు విప్పిన రోజు నువ్వు మొదట చూసేది నీ విమానమే."

ఆ మాటకి ఐదు నెలలు పట్టింది. బ్లేడుతో ముక్కలు కోశాడు. ఉప్పుకాగితంతో అంచులు రుద్దాడు. రెక్క వచ్చి పొట్టకి కలిసేచోట సందు కనపడితే లారీలకి రంగులేసే మేస్త్రీ దగ్గర లప్పం తెచ్చి పూడ్చాడు. మూడు చక్రాల మీద నిలబెడితే విమానం తోక మీద చతికిలబడుతుంటే, ముక్కులో సైకిలు బేరింగు గుండ్లు పోసి నిలబెట్టాడు. పైలటు ముందుండే మీటర్లకి అగ్గిపుల్ల చివర నాలుగు వెంట్రుకలు కట్టి తెల్లరంగు అద్దాడు. ఇమ్మానియేలు కంటికి గుంటూరులో ఆపరేషన్ అయింది. మంగళవారం ఇంటికి తీసుకొచ్చారు. ఆదివారం కట్టు విప్పుతారు. ఇక మిగిలింది రెక్కల కింద ఆఖరి పూత, ఆ మూడురంగుల చక్రాలు. బుధవారం పూత, గురువారం చక్రాలు, ఆదివారం చర్చి వదిలాక స్నేహితుడి ఇల్లు. లెక్క తేలిగ్గా ఉంది.

ఆ పొద్దున్నే ఇంట్లో పూత వేస్తుండగా వంటింట్లోంచి అతని భార్య హనుమాయమ్మ వచ్చింది.

"ఈ వాసనకి కాఫీ కూడా విమానంలాగే ఉందండీ. మీ కొట్టులో ఇంతకన్నా చెడ్డ వాసనలున్నయ్ గదా. అక్కడ ఆరబెట్టుకోండి."

మాటలో న్యాయం ఉంది. తడి రంగు మీద దుమ్ము పడకుండా, గాలి తగిలేలా ఉండే చోటు కొట్టులో ఒకటే: గల్లాపెట్టె పైన దూలానికున్న ఇనప కొక్కెం. ఏ పంటకాలంలో ఏ కొత్త మందు వచ్చినా దాని ఖాళీ డబ్బాను మచ్చుకి అక్కడే వేలాడదీస్తాడు. లోపలికొచ్చే రైతులు ముందు కొక్కెం వైపు చూస్తారు, తర్వాతే అంకమ్మరావు ముఖం చూస్తారు. కొక్కేనికి ఏది వేలాడితే అది గోడౌనులో ఉన్నట్టు. ఇరవై ఏళ్లుగా తనే నేర్పిన ఆచారం. విమానాన్ని దారంతో ఆ కొక్కేనికి కట్టేటప్పుడు మాత్రం ఆ సంగతి అతనికి తట్టలేదు.

ఆ యేడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఏ మందు కొట్టినా ఈ చేలో లేచి పక్క చేలో వాలుతోంది. పదెకరాల పత్తిరైతు బుల్లయ్య తెల్లదోమ మందు కోసం వచ్చాడు. గడపలో ఒక కాలు, వీధిలో ఒక కాలు ఉండగా ఆగిపోయాడు.

"ఎప్పుడు దిగింది అబ్బాయా?"

"ఏంది బాబాయ్?"

బుల్లయ్య గడ్డం ఎత్తి కొక్కెం చూపించాడు.

"అదా. ఇవాళే రంగు పడింది."

"ఎకరానికి ఎంత పడుద్ది?"

అంకమ్మరావు నవ్వాడు. ఆ నవ్వు అనవసరంగా నవ్వానని తర్వాత మూడు రోజులు అనుకున్నాడు. "అది బొమ్మ బాబాయ్. మా ఇమ్మానియేలుది."

బుల్లయ్య దగ్గరికొచ్చి కిందనుంచి పరిశీలించాడు. విమానం పొట్ట కింద కోలగా ఒక ట్యాంకు ఉంది. ముక్కు ముందుకి వేలెడు పొడవున సన్నని గొట్టం ఉంది. "కింద మందు ట్యాంకు. ముందు చల్లే గొట్టం. నడిమధ్య తోలేవాడు కూచునే చోటు. బొమ్మకి ఇయ్యన్నీ ఎందుకంట?"

"నిజం విమానానికి ఉంటయ్ కాబట్టి."

"నేననేదీ అదే."

"బాబాయ్, నా దగ్గర విమానం లేదు."

బుల్లయ్య ముఖం విచ్చుకుంది. "పోయినేడు ఇట్టానే మందు లేదన్నావు. సాయంత్రానికల్లా దొడ్డిదోవన కోటిరత్నానికి ఆరు డబ్బాలు పోయినయ్. తప్పు పట్టట్లా. సరుకు ఉంటేనే లేదంటారు. నిజంగా లేకపోతే రేపొస్తది అంటారు. నలభయ్యేళ్ల సేద్యం నాది, ఆ మాత్రం తెలవదా."

అది నిజం. ఆ ఆరు డబ్బాల మీద వచ్చిన లాభం అంకమ్మరావు మర్చిపోయాడు గానీ, అందులో కొంత భాగం ఇంకా చెల్లించాల్సి ఉందని ఆ నిమిషాన అర్థమైంది. బుల్లయ్య మందు కూడా కొనకుండా, "నా పదెకరాలు మొదటి వరసలో రాసుకో," అని చెవిలో చెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నానికి పదకొండు మంది వచ్చారు. ఎవరూ విమానం మాట గట్టిగా ఎత్తలేదు. ఒక్కొక్కరే గల్లాపెట్టె మీదికి వంగి గుసగుసగా అడిగారు. ఒకాయన అడగకముందే గంపెడు సొరకాయలు దించాడు. అంకమ్మరావు ఎంత గట్టిగా లేదంటే వాళ్లు అంత మర్యాదగా తలలూపారు. విసిగిపోయి సాయంత్రం విమానాన్ని దించి వెనక గదిలో పెట్టాడు. ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చున్న ఇద్దరు అది చూశారు.

"దాచేశాడు," అన్నాడొకడు.

"ఎవరికో బేరం కుదిరిందిలే," అన్నాడు రెండోవాడు.

వెనక గదిలో పత్తివిత్తనాల నూగు తడిరంగుకి అంటుకోబోతోందని చూసుకుని, గురువారం పొద్దున అంకమ్మరావు దాన్ని మళ్లీ కొక్కేనికే కట్టాడు. అది చూసి టీకొట్టువాళ్లు, ఆ బేరం చెడిందని తేల్చుకున్నారు.

"బోర్డు రాసి పెడదామండీ," అన్నాడు గుమస్తా సుభానీ. సుభానీ పదిహేనేళ్లుగా ఆ కొట్టులో ఉన్నాడు. యజమాని అబద్ధాలన్నీ అతని నోటిమీదుగానే పోయాయి కాబట్టి నిజం చెప్పాల్సి వచ్చేసరికి అతనికీ నోరు తిరగలేదు. "నోటిమాటంటే నమ్మరు గానీ, రాతంటే నమ్ముతారు."

నల్లబల్ల మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో 'విమానం లేదు' అని రాసి వాకిట్లో పెట్టారు. బస్సులు ఆగేది సరిగ్గా ఆ కొట్టు ముందే. అద్దంకిలో విమానం ఉంటుందని కలలో కూడా అనుకోని ఊళ్లవాళ్లు కిటికీల్లోంచి ఆ బోర్డు చదివారు. లేదని రాశారంటే నిన్నటిదాకా ఉన్నట్టేగా. అయిపోయిందంట, అయిపోయిందంట అని ఆ మాట ముందు సీటు నుంచి వెనక సీటుకి, అక్కడినుంచి తర్వాతి ఊరికీ పోయింది. పన్నెండింటికి కొట్టు ముందు ఎడ్లబళ్లు ఆగాయి.

సుభానీ బోర్డు తుడిచి 'విమానం అమ్మబడదు' అని మార్చాడు.

"అమ్మడంట," అని ఒకాయన వెనకవాళ్లకి చదివి వినిపించాడు. "అద్దెకే ఇస్తాడంట. మంచిదేలే, కొని మనమేం చేసుకుంటాం, ఎక్కడ కట్టేసుకుంటాం."

అంకమ్మరావు స్వయంగా లేచి బోర్డు మొత్తం తుడిచేశాడు. ఖాళీ బల్ల చూసిన జనం కొత్త సరుకు దిగిందనుకున్నారు.

ఆ గోలలోనే ఒక మూల కూర్చుని, చక్రాలు నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్కటే జార్చి, రెక్కల మీద అంటించాడు. ఆరూ సరిగ్గా కూర్చున్నాయి. ఏనాడూ ఏ సరుకునీ చూసి మురవని మనిషి, దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. పొట్ట మీద వెండిరంగు నిజం రేకులాగే మెరుస్తోంది. ఇమ్మానియేలు దాన్ని చూసే ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. తర్వాత మళ్లీ కొక్కేనికి కట్టాడు.

శుక్రవారం కోటిరత్నం వచ్చింది. భర్త పోయాక పన్నెండెకరాలు ఒంటిచేత్తో చేయిస్తున్న మనిషి. ఆమె వెంట బుల్లయ్య, మరో ముప్పై మంది ఉన్నారు. ఆమె చేతిలో నోటుపుస్తకం ఉంది.

"అన్నా, దొడ్డిదోవ బేరాలు ఈసారి వద్దు. మా ఊరంతా ఒక్క మాట మీద ఉన్నాం. మూడొందల నలభై ఎకరాలు, పేర్లతో సహా రాయించా. గట్ల మీద తుమ్మచెట్లు కొట్టించాం, రెక్కకి తగలకుండా. చేలకి నాలుగు మూలలా కర్రలు పాతి తెల్లగుడ్డలు కట్టాం, పైనుంచి ఆనవాలు తెలియాలని. కళ్లాల్లో ఉన్న మిరపకాయ అంతా లోపలేశాం, మందు పడకుండా. ఇంక నువ్వు రోజు చెప్పటమే."

"కోటిరత్నం, నా మాట విను. విమానం లేదమ్మా. పోయి పంపులతో మందు కొట్టుకోండి."

"పంపు ముట్టి రెండ్రోజులయింది. విమానం వస్తుంటే మళ్లీ చేత్తో కొట్టటం దేనికని అందరం ఆగాం."

అంకమ్మరావుకి నవ్వులాట అక్కడితో అయిపోయింది. తెల్లదోమ లెక్క అతనికి తెలుసు. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఆకు నల్లబడి రాలుతుంది. మూడొందల నలభై ఎకరాలు, తన కొక్కేనికి వేలాడిన బొమ్మ వల్ల. అతను నోరు విప్పేలోపే కోటిరత్నం స్టూలెక్కి విమానం దించింది.

"సరే, ముందు మచ్చు చూడనీ."

మిరపకాయ మచ్చు చూడాలంటే విరవాలి. విరిగే చప్పుడులో ఆరుదల తెలుస్తుంది. దూది మచ్చు చూడాలంటే వేళ్ల మధ్య లాగాలి. ఈ ప్రాంతంలో మచ్చు విరిచి చూడటం కొనేవాళ్ల మర్యాద. విరవకుండా తలూపితే అమ్మేవాళ్లకే అనుమానం. కోటిరత్నం నిలువుగా ఉన్న తోకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మిరపకాయను విరిచినట్టే విరిచింది. టిక్ మంది. తోక పైకొస ఎగిరి ఎక్కడో జనం కాళ్ల మధ్య పడింది.

"రేకు కాదే ఇది," అంది, చేతిలో మిగిలిన ముక్కను వెలుగుకి పెట్టి చూస్తూ. "ఇంత పెళుసు సరుకుతో ఆకాశంలోకి ఎట్టా పోతారన్నా?"

"గొట్టం బాగానే ఉందిలే," అంటూ బుల్లయ్య ముక్కు దగ్గర గొట్టాన్ని దూది లాగినట్టు లాగాడు. అదీ చేతికొచ్చింది.

అంకమ్మరావు గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఐదు నెలలు. ఇంక రెండు రోజులే గడువు. ముఖంలో రంగు పోవటం చూసి కోటిరత్నమే తగ్గింది.

"ఏంటన్నా, అంత ఖరీదైందా?"

"మీరు ఎవరు చెబితే నమ్ముతారో చెప్పండి," అన్నాడు. "నేను చెబితే నమ్మరు. అది నా తప్పే. ఇమ్మానియేలు చెబితే నమ్ముతారా?"

ఆమె వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. "నమ్ముతాం. ఆయన దగ్గర అమ్మటానికి ఏముంది?"

అప్పుడు గానీ తను ఏం అడిగాడో అంకమ్మరావుకి పూర్తిగా తట్టలేదు. ఇమ్మానియేలు దగ్గరికి వీళ్లని తీసుకుపోవాలంటే విమానాన్నీ తీసుకుపోవాలి. చూపు రాకముందే విరిగిందని తెలిసిపోతుంది. తీసుకుపోకపోతే రెండు రోజుల్లో ఎలాగోలా అతికించి, కట్టు విప్పిన కంటికి చూపించవచ్చు. కానీ అప్పటికి తెల్లదోమ చేలన్నీ తినేస్తుంది. తక్కెడ ఎటు మొగ్గుతుందో చూడటానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. మొగ్గినవైపు నడవటానికే కాళ్లు రాలేదు. చివరికి ముక్కలన్నీ కండువాలో మూటగట్టుకుని బయల్దేరాడు.

ఇమ్మానియేలు ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. వాకిట్లో ముప్పై మందిని చూసి అతని భార్య ప్రేమమ్మ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఏందన్నయ్య గారూ, ఆయనకి వెలుగు తగలకూడదన్నారు. మీరు ఊరంతా తెచ్చారు."

"చూడటానికి కాదు ప్రేమమ్మా. వినటానికి వచ్చారు."

ఇమ్మానియేలు మంచం మీద కూర్చున్నాడు. ఒక కంటికి కట్టు ఉంది. రెండోది ఎప్పుడో మసకబారింది. అంకమ్మరావు సంగతంతా చెప్పి, విమానాన్ని అతని ఒళ్లో పెట్టాడు. ఇమ్మానియేలు వేళ్లు ముక్కు దగ్గర మొదలై, పైలటు గది మీదుగా, రెక్కల మీదుగా నెమ్మదిగా వెనక్కి పాకాయి. ఒకచోట ఆగాయి.

"తోక ఏదిరా అంకమ్మా?"

"విరిగింది."

"నేనే అయ్యా," అంది కోటిరత్నం గడపలోంచి. "మచ్చు చూశాను."

సగం ముఖం కట్టు కింద ఉండటంతో ఇమ్మానియేలు ఏమనుకుంటున్నాడో తెలియలేదు. విరిగినచోట వేలు ఇంకోసారి ఆనించి, వాకిలి వైపు తిరిగాడు.

"మీలో ఎవరైనా చెప్పండి, మీ చేను పొడుగెంత?"

"నాది ఫర్లాంగు," అన్నాడు బుల్లయ్య.

"ఇది గంటకి పన్నెండొందల మైళ్లు పోద్ది. మీ ఫర్లాంగు దాటటానికి దీనికి రెప్పపాటు కూడా అక్కర్లేదు. అద్దంకి మీద మూత తీస్తే, మందు బయటికొచ్చేసరికి విమానం చీరాల దాటి సముద్రం మీద ఉంటది. చేపలకి తెల్లదోమ పట్టిందంటే చెప్పండి, పిలిపిద్దాం."

జనంలో ఒకరిద్దరు నవ్వారు. బుల్లయ్య నవ్వలేదు. "మరి కింద ట్యాంకు?"

"అందులో పోసేది ఒకరకం కిరసనాయిలు. అది చల్లితే తెల్లదోమ చస్తది."

"ఆఁ, చస్తదా?"

"చేను కూడా చస్తది."

"మరి ముందు గొట్టం?"

"గాలి ఎంత వేగంగా వస్తుందో కొలిచేది. ఇది యుద్ధానికి చేసింది బుల్లయ్య గారూ. మందు చల్లే విమానాలు వేరే ఉంటయ్. అయ్యి అంకమ్మ దగ్గర లేవు."

బుల్లయ్య నెమ్మదిగా అంకమ్మరావు వైపు తిరిగాడు. ముఖంలో నిజమైన బాధ ఉంది.

"అయితే లేదనా? ఆ మాట బుధవారమే చెప్పొచ్చుగా అబ్బాయా."

అందరూ కదిలారు. అంకమ్మరావు విమానాన్ని మళ్లీ మూటగట్టుకుంటుంటే ఇమ్మానియేలు, "ఆదివారం తీసుకురా," అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో ఏమీ లేదు. అరిచినా బాగుండేదనిపించింది.

శనివారం కోటిరత్నం ఊరు మొత్తం ఒకేసారి పంపులు భుజానికెత్తింది. పేర్లు ఎలాగూ రాసి ఉన్నాయి, మూలలకి గుడ్డలు ఎలాగూ కట్టి ఉన్నాయి. మూడొందల నలభై ఎకరాల్లో అందరూ ఒకే రోజు కొట్టేసరికి లేచిన దోమకి వాలటానికి పక్క చేను మిగల్లేదు. ఆ మందు అమ్మింది అంకమ్మరావే. అతని కళ్లు మాత్రం కొట్టు నేల మీదే ఉన్నాయి. సుభానీ మూడుసార్లు ఊడ్చినా తోక కొస దొరకలేదు. గొట్టం తిరిగి అతికింది. తోకలో మిగిలిన ముక్కను అతికించి, లేనిచోట లప్పం పెట్టి, రంగు పూశాడు. దూరం నుంచి చూస్తే తోకలాగే ఉంది. దగ్గరికెళితే కాస్త పక్కకి వాలి, ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టు ఉంది.

ఆదివారం చర్చి వదిలాక వెళ్లాడు. కాంపౌండరు అప్పుడే కట్టు విప్పి వెళ్లాడు. ఇమ్మానియేలు దళసరి కళ్లద్దాలు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"నన్ను కూడా పక్కకి తప్పుకోమన్నారు అన్నయ్య గారూ," అంది ప్రేమమ్మ. "మొదట చూసేది విమానమేనంట. పాతికేళ్ల కాపురం."

అంకమ్మరావు బల్ల మీద విమానం పెట్టి, తోక గోడవైపు ఉండేలా కొంచెం తిప్పాడు. ఇమ్మానియేలు కళ్లు తెరిచాడు. చెయ్యి చాచి విమానాన్ని తనవైపు తిప్పుకున్నాడు. తోక దగ్గర ముఖం పెట్టి చూశాడు. తర్వాత రెండు వేళ్లతో దాన్ని పట్టుకుని, విరిచేశాడు.

అంకమ్మరావు కుర్చీలో వెనక్కి వాలాడు. మచ్చు చూసే జబ్బు వీడికీ అంటుకుందా అనుకున్నాడు.

"ఇదేం అతుకురా," అన్నాడు ఇమ్మానియేలు. "ఇట్టాంటి తోకతో విమానాన్ని వదిలితే నన్ను జైల్లో పెట్టేవాళ్లు. ప్రేమమ్మా, నీ ప్లాస్టిక్ దువ్వెన ఇటియ్యి. బ్లేడు కూడా."

"ఏం, నా దువ్వెన ఏం చేసింది? పైగా కళ్లు అలిసిపోకూడదన్నారు."

"చూడ్డానికేగా బాగుచేయించావు. ఇటియ్యి."

దువ్వెన వెన్ను కోసి, ఉప్పుకాగితం మీద రుద్ది, కొలిచి, మళ్లీ రుద్దాడు. గంట గడిచింది. ప్రేమమ్మ కాఫీ తెచ్చి, అది చల్లారితే వేడిచేసి తెచ్చింది. ఇమ్మానియేలు ఒకసారి కూడా తల ఎత్తలేదు. ఎత్తకుండానే మాట్లాడాడు.

"మొత్తం నువ్వే చేసి తెస్తానంటే ఆ రోజు కాదనలేకపోయాను. కానీ మంచంలో పడుకుని ఒకటే దిగులు. అన్నీ నువ్వు చేశాక నేను చేసేదేముంది, చేతులు కట్టుకుని చూడటం తప్ప. బాగున్న విమానం నా దగ్గరికి ఎప్పుడొచ్చిందిరా? బాగున్నవి ఎగరేసేవాళ్లకి. ఫిట్టరు దగ్గరికొచ్చేవి ఇయ్యే. శుక్రవారం చేతికి తోక తగలకపోయేసరికి, అప్పట్నించీ నిద్రలేదు. కట్టు ఎప్పుడు విప్పుతారా అని."

"ఆ మాట ఆ రోజే అనొచ్చుగా."

"వాళ్లందరి ముందు సంతోషపడితే బాగుండదని ఊరుకున్నా." తోకను అతికించి, ఊపిరి బిగపట్టి, వేలితో ఆనించి ఉంచాడు. అది నిటారుగా నిలబడింది. "ఆ విరిచినావిడ పేరేంటి? కోటిరత్నమా? నేను థాంక్స్ చెప్పానని చెప్పు."

అంకమ్మరావు చల్లారిన కాఫీ తాగేసి లేచాడు. సందు దాటి బజారులోకి నడుస్తూ అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. ఐదు నెలల్లో తను అతికించినవి నూట ముప్పై ముక్కలు. అందులో ఇమ్మానియేలుకి పనికొచ్చింది, కోటిరత్నం విరిచిన ఆ ఒక్కటే.